చిట్టా ముందు, ఆవర్జా తరువాత

మా చిన్ననాట మా వీధి మలుపున ఒక కిరాణా దుకాణం ఉండేది. ఆ వర్తకుని గల్లాపెట్టె ప్రక్కన ఎప్పుడును రెండు పుస్తకాలు కనిపించేవి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. ఎవరైనా వచ్చి పది రూపాయలు జమకట్టినా, బెల్లమో చింతపండో అప్పుమీద తీసుకొన్నా, ఆయన మొదట చిట్టాలో వ్రాసేవాడు. జరిగినది జరిగిన వరుసలోనే, ఒక పద్దు క్రింద మరియొక పద్దు. రాత్రి దుకాణం కట్టివేసిన తరువాత దీపం దగ్గర కూర్చుండి ఆ పద్దులను ఆవర్జాలో ఎవరి పేరిట ఉన్న పుటలో వారికి ఎక్కించేవాడు. ఎక్కించిన పద్దుకు చిట్టాలో ఒక చిన్న గుర్తు పెట్టేవాడు. నడుమ దీపం ఆరిపోయినా, ఇంటిలోనుండి ఎవరైనా పిలిచినా చింత లేదు. మరునాడు గుర్తు లేని పద్దు దగ్గర మరల మొదలుపెట్టేవాడు. పొరపాటు వ్రాత పడినప్పుడు దానిని గీకివేయడం ఆయన ఎరుగడు. దాని క్రింద ఎదురు పద్దు వ్రాసేవాడు.

నేడు మన బ్యాంకు నిల్వలు, పింఛనులు, ఆసుపత్రి కాగితాలు, పొలాల హక్కులు కంప్యూటర్లలోని పట్టికలలో ఉన్నవి. అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలను కంప్యూటర్లకు మార్చే ‘కార్డ్’ పథకం ఆరంభమైనది. అంతకు పూర్వం ఒక పొలంమీద తాకట్టు ఉన్నదో లేదో తెలిపే ఇ.సి. కావలెనంటే గుమాస్తా పాత సంపుటాలను ఒక్కొక్కటిగా తిరగవేయవలసి వచ్చేది. ఆ సంపుటాలకు చెదలు పట్టవచ్చును, తడిసి సిరా చెరిగిపోవచ్చును. అయితే చెద పట్టిన పుట చెద పట్టినట్లే కనిపిస్తుంది. కంప్యూటరులో చెడిన అంకె అలా కనిపించదు. అది మంచి అంకెవలెనే నిలిచి, చూచినవారిని నమ్మిస్తుంది. భయపడవలసినది అందుకే. ఆ భయాన్ని తొలగించుకొనడానికి గడచిన అరువది డెబ్బది సంవత్సరాలలో కొందరు చేసిన కృషిని గూర్చి ఈ ప్రసంగం. వారు ఎన్నో దారులు త్రొక్కి చివరకు చేరుకొన్నది మా వీధి వర్తకుని పద్ధతికే.

వ్రాత చెడిపోవడమన్నది క్రొత్త బాధ కాదు. కడపలో ఉద్యోగం చేసిన సి. పి. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలను అచ్చువేయడానికి ముందు ఎన్నో తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులచేత ఒకదానితో నొకటి పోల్చి చూపించవలసి వచ్చినది. ఏ రెండు ప్రతులకును పొందిక లేకపోవడమే ఆయనకు కలిగిన పెద్ద చిక్కు. వ్రాతను అసలే నమ్మని వేదాధ్యాయులు మరియొక ఉపాయం పన్నినారు. మంత్రాన్ని ఉన్నది ఉన్నట్లు చదవడంతో ఊరకుండక, క్రమపాఠంలో మొదటి పదాన్ని రెండవదానితో, రెండవదానిని మూడవదానితో జత కలిపి చదువుతారు. జటలో ఆ జతనే ముందుకు, వెనుకకు, మరల ముందుకు త్రిప్పుతారు. ఒక్క పదం జారినా ఎక్కడో ఒకచోట తాళం తప్పి తెలిసిపోతుంది. ఒకే సంగతిని పలుమారులు చెప్పి సరిచూచుకొనడం అందులోని సూత్రం. ఇది కాపాడుతుంది, సందేహం లేదు. కాని సరిచూచేవాడు లేనప్పుడు పలుచోట్ల ఉన్న ఒకే సంగతి కాపాడడం మాని చెరుపు చేస్తుందని తెలిసినది కంప్యూటర్ల కాలంలోనే.

ఆ మాటను మొదట గట్టిగా పట్టుకొన్నవాడు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండు దక్షిణ తీరాన పోర్ట్‌లాండ్‌లో 1923లో పుట్టి, యుద్ధకాలంలో విమానదళంలో పనిచేసి, తరువాత అమెరికా చేరి ఐ.బి.ఎం. సంస్థలో ఉద్యోగించినాడు. కాలిఫోర్నియాలో శాన్ హోసే పట్టణంలోని పరిశోధనాలయంలో ఉండగా 1970లో ఆయన ప్రకటించిన వ్యాసమే రిలేషనల్ డేటాబేసులకు మూలం. సమాచారాన్నంతటినీ సాదా పట్టికలుగా, అడ్డువరుసలుగా నిలువువరుసలుగా చూడవచ్చునని, ఏ వరుస డిస్కులో ఏ మూల ఉన్నదో వాడుకొనేవానికి తెలియనవసరం లేదని ఆయన ప్రతిపాదించినాడు. ఆ వ్యాసంలోని రెండవ భాగానికి ఆయన పెట్టిన శీర్షికే పునరుక్తి, పొందిక అన్న అర్థం కలది. లోకం మొదటి భాగాన్ని ఎక్కువగా మెచ్చుకొన్నది. నా దృష్టిలో రెండవ భాగం ఏమాత్రం తక్కువది కాదు.

ఒక ఉదాహరణ చెప్పుతాను. ఒక రైతుకు నాలుగు చెలకలున్నవి. పన్ను పట్టికలో నాలుగు వరుసలలోను ఆయన పేరు, ఊరు, తండ్రి పేరు వ్రాసి ఉన్నవి. రైతు ఇల్లు మారి పొరుగూరు చేరినాడు. గుమాస్తా మూడు వరుసలు దిద్ది నాలుగవదానిని మరచినాడు. ఇప్పుడు ఆ రైతు ఏ ఊరివాడు? పట్టిక రెండు సమాధానాలు చెప్పుతున్నది. యంత్రం చెడలేదు, కరెంటు పోలేదు, అయినను లెక్క చెడినది. దీనికి కాడ్ చూపిన మందు ఏమనగా, రైతును గూర్చిన సంగతులు రైతుల పట్టికలో ఒక్కసారి మాత్రమే ఉండవలెను. పొలాల పట్టికలో ఆ రైతు సంఖ్య మాత్రం ఉండవలెను. తరువాతి రెండేళ్ళలో ఆయనే ఈ విభజనకు మెట్లు మెట్లుగా నియమాలు ఏర్పరచినాడు. రైతుల పట్టికలో లేని సంఖ్యను పొలాల పట్టికలో వ్రాయబోతే యంత్రమే నిరాకరించే ఏర్పాటు కూడ ఈ ఆలోచననుండే వచ్చినది. గుమాస్తా జ్ఞాపకంమీద ఆధారపడిన పనిని పట్టికల కూర్పుకే అప్పగించడమన్నమాట.

కాని కాడ్ వ్యాసం కాగితంమీద ఉన్నది. దానిని యంత్రంగా చేసి చూపవలసిన వారికి మరియొక సంకటం ఎదురైనది. శాన్ హోసేలో 1970 తరువాతి సంవత్సరాలలో ‘సిస్టమ్ ఆర్’ అనే పేరుతో ఒక ప్రయోగం సాగినది. అందులో పనిచేసినవారిలో జిమ్ గ్రే ఒకడు. అతని బృందాన్ని వేధించిన ప్రశ్న వినడానికి మిక్కిలి చిన్నది. రామయ్య ఖాతానుండి 500 రూపాయలు తీసి సోమయ్య ఖాతాలో వేయవలెను. ఇవి రెండు వ్రాతలు. మొదటిది అయి రెండవది కాకముందే కరెంటు పోయినది. ఆ 500 రూపాయలు ఎక్కడ ఉన్నవి?

రెండు వ్రాతలును జరగవలెను, లేదా రెండును జరగనట్లే ఉండవలెను. నడిమి స్థితి ఎవరి కంటను పడరాదు. ఇట్టి విడదీయరాని పనుల మూటకు వారు పెట్టిన పేరును మన వ్యాపార భాషలో లావాదేవి అనవచ్చును. పేరు పెట్టడం సులభమే. జరిపించడమెట్లు?

సిస్టమ్ ఆర్‌లో మొదట అవలంబించిన పద్ధతి నీడ పుటల పద్ధతి. రేమండ్ లోరీ 1977లో దానిని వివరించినాడు. పాత పుటను ముట్టుకొనరాదు. మార్చవలసిన పుటకు నకలు తీసి, మార్పులన్నీ ఆ నకలులో చేయవలెను. పని ముగిసిన తరువాత విషయసూచికలో పాత పుట సంఖ్య కొట్టివేసి క్రొత్త పుట సంఖ్య వేయవలెను. నడుమ కరెంటు పోయిందా, పాత విషయసూచిక ఉన్నది గదా, దాని ప్రకారం పాత పుటలు చెక్కుచెదరక ఉన్నవి. ఈ ఉపాయం ఎంతో ముచ్చటగా ఉన్నది. ఒక్కడు ఒక పుస్తకంలో వ్రాసుకొనేటప్పుడు చక్కగా పనిచేస్తుంది కూడ. అయితే ఒకే పుటలో పదిమంది ఒకేసారి వ్రాస్తుంటే, అందులో ఒకడు ముగించి తొమ్మండుగురు ముగించకుంటే, నీడ పుటను నిలుపవలెనా పారవేయవలెనా? అదిగాక వరుసగా ఉండవలసిన పుటలు డిస్కులో చెల్లాచెదరై పోయినవి. ఈ చిక్కులు తీర్చడానికి వారు నీడ పుటలతోబాటు ఒక దినచర్య పుస్తకాన్ని కూడ ఉంచవలసి వచ్చినది. అదే లాగ్. గ్రే, అతని సహచరులు 1981లో ఆ అనుభవాన్ని వ్రాస్తూ, పలువురు పంచుకొనే పెద్ద పుస్తకాలకు నీడ పుటలకంటె దినచర్య పుస్తకమే మేలని ఒప్పుకొన్నారు. తాము కట్టిన ఇంటిలో ఫలానా గోడ అనవసరమని కట్టినవారే అచ్చువేయడం విద్వాంసులలో అరుదు. ఆ నిజాయితీ నాకు ఆ గ్రంథంలోని గణితంకంటె గొప్పగా తోచినది.

దినచర్య పుస్తకానికి ఒకే ఒక కఠిన నియమం. పట్టికలో మార్పు డిస్కుకు ఎక్కకముందే ఆ మార్పు వివరం లాగ్‌లో, డిస్కుమీద, స్థిరంగా పడి ఉండవలెను. పాత విలువ ఇది, క్రొత్త విలువ ఇది, ఏ లావాదేవిలోనిది అన్న మూడు ముక్కలు. చిట్టా ముందు, ఆవర్జా తరువాత! లావాదేవి ముగిసినదనడానికి కూడ గుర్తు లాగ్‌లో పడిన ముగింపు పద్దే గాని, పట్టికలో పడిన అంకె కాదు. రామయ్య సోమయ్యల 500 రూపాయల విషయంలో, కరెంటు తిరిగి వచ్చిన తరువాత యంత్రం లాగ్ తెరచి చూస్తుంది. ముగింపు పద్దు ఉంటే రెండు వ్రాతలును పూర్తిచేస్తుంది. లేకుంటే మొదటిదానిని వెనుకకు త్రిప్పుతుంది.

ఈ తెరచి చూడడమే ఒక శాస్త్రమైనది. దానిని నేటి రూపానికి తెచ్చినవారిలో ప్రముఖుడు మన దేశంనుండి వెళ్ళిన సి. మోహన్. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి, ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో చేరిన ఆయన, మరి నలుగురు సహచరులతో కలిసి 1992లో ‘ఏరీస్’ అనే పద్ధతిని ప్రకటించినాడు. కూలిపోయిన యంత్రం లేచిన తరువాత మొదట లాగ్ చదివి ఏ లావాదేవీలు సగంలో ఉన్నవో గుర్తిస్తుంది. పిమ్మట జరిగిన చరిత్రనంతటినీ మరల నడిపిస్తుంది, సగంలో ఆగినవాటితో సహా. అప్పుడు గాని సగంలో ఆగినవాటిని వెనుకకు త్రిప్పదు. వెనుకకు త్రిప్పేదానిని ముందు నడిపించడమెందుకని వినేవారికి తోచవచ్చును. కూలిన క్షణంలో యంత్రం ఎట్లున్నదో అట్లే దానిని నిలబెట్టిన తరువాత సరిదిద్దడం, తెలియని శిథిలంలో తడవుకొనడంకంటె సులభం. అంతేకాక వెనుకకు త్రిప్పిన ప్రతి అడుగుకు కూడ లాగ్‌లో ఒక పద్దు పడుతుంది. త్రిప్పుతుండగా మరల కరెంటు పోతే, ఎంతవరకు త్రిప్పినదో ఆ పద్దు చెప్పుతుంది. గీకివేయక ఎదురు పద్దు వ్రాసిన వర్తకుడు ఇక్కడ మనకు జ్ఞప్తికి రాక మానడు. ప్రతి పుట తలపైన, దానిలో చివర ఎక్కిన లాగ్ పద్దు సంఖ్య వ్రాసి ఉండడం మరియొక విశేషం. ఆ సంఖ్య చూచి, ఈ పుటకు ఈ పద్దు ఎక్కినదా లేదా అన్నది యంత్రం ఇట్టే తేల్చుకొంటుంది.

ఇద్దరు గుమాస్తాలు ఒకే ఖాతాను ఒకేసారి తెరచినప్పుడు వచ్చే చేటు వేరు. ఇద్దరికిని 1,000 రూపాయల నిల్వ కనిపించినది. ఒకడు 200 తీసి 800 అని, రెండవవాడు 300 తీసి 700 అని వ్రాసినాడు. చివర వ్రాసినవాని వ్రాతే మిగిలి, రెండువందల ఖర్చు మాయమైనది. దీనికి తాళాల పద్ధతిని, కపాలి ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రైగర్ అను నలుగురు 1976లో శాస్త్రీయంగా నిరూపించినారు. ఒకడు దిద్దుతున్నంతసేపు రెండవవాడు వేచి ఉండవలెనన్నదే దాని సారం గనుక ఇక్కడ విస్తరింపను.

ఇంతవరకు చెప్పిన ఏర్పాట్లన్నీ ఒక నమ్మకంమీద నిలిచినవి. వ్రాసినది వ్రాసినట్లు డిస్కులో ఉంటుందన్నదే ఆ నమ్మకం. అది కూడ పూర్తిగా నిజం కాదు.

బెల్ పరిశోధనాలయంలో రిచర్డ్ హ్యామింగ్ అనే గణితశాస్త్రజ్ఞుడు 1940 దశకం చివర వారాంతాలలో ఒక రిలే యంత్రానికి లెక్కలు అప్పగించి వెళ్ళేవాడు. ఎవరును కాపలా లేని వేళ యంత్రానికి అంకెలలో తప్పు కనిపిస్తే ఆ లెక్కను అక్కడే వదలి తరువాతి లెక్కకు పోయేది. సోమవారం వచ్చి చూస్తే ఆయన పని జరగక పడి ఉండేది. అది వరుసగా రెండు వారాలు జరిగేసరికి ఆయనకు విసుగు పుట్టినది. తప్పు ఉన్నదని కనిపెట్టగల యంత్రం, ఆ తప్పు ఎక్కడ ఉన్నదో ఎందుకు కనిపెట్టలేదు, కనిపెట్టి తానే ఎందుకు దిద్దుకొనరాదు? ఆ విసుగుకు ఫలితంగా 1950లో తప్పులు దిద్దుకొనే సంకేతాల వ్యాసం వెలువడినది. నేడు పెద్ద కంప్యూటర్ల జ్ఞాపకశక్తి భాగాలు ఈ జాతి సంకేతాలతోనే నడుస్తున్నవి. కేవలం తప్పును పట్టుకొంటే చాలుననే చోట మరింత చౌక ఉపాయం కలదు. మన ఆధార్ సంఖ్యలోని పండ్రెండవ అంకె ఎవరో ఇష్టానుసారంగా ఇచ్చినది కాదు. మొదటి పదునొకండు అంకెలనుండి లెక్కకట్టి తీసినది. ఒక అంకె తప్పు వ్రాసినా, ప్రక్క ప్రక్క అంకెలు తారుమారైనా అది సరిపడదు.

డేటాబేసులలో ప్రతి పుటకు ఇట్టి సరిచూపు సంఖ్యనే చెక్‌సమ్ అంటారు. పుట వ్రాసేటప్పుడు లెక్కకట్టి తలపైన ఉంచి, చదివేటప్పుడు మరల లెక్కకట్టి పోల్చడమే దాని పని. తేడా వచ్చినదా, ఆ పుటను నమ్మరాదు. ఎవరికిని రుసుము లేకుండ లభించే పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు బర్‌క్లీ విశ్వవిద్యాలయంలో 1986లో పుట్టినది. అందులో చెక్‌సమ్ ఏర్పాటు వచ్చినది 2013లో. అదియైనా కోరుకొన్నవారికే. కోరకుండనే అందరికీ వర్తించేటట్లు చేసినది 2025లో. కొంత వేగం తగ్గుతుందని వెనుకాడినారు. వేగం కోసం సరిచూపును వదలుకొనడం, తూకం త్వరగా ముగించడానికి త్రాసుముల్లు చూడకపోవడం వంటిదని నా అభిప్రాయం. ఆ పని చేసేవారు నాతో ఏకీభవించకపోవచ్చును.

ఆ డేటాబేసు చరిత్రలోనే 2018లో మరియొక వింత బయటపడినది. డేటాబేసు వ్రాసిన పుటలను తిన్నగా డిస్కు అందుకొనదు. నడుమ కంప్యూటరును నడిపే మూల వ్యవస్థ ఉన్నది. ‘ఇవన్నీ డిస్కుకు ఎక్కినవా?’ అని డేటాబేసు అడుగుతుంది. ఎక్కలేదు, తప్పు జరిగినదని లినక్స్ వ్యవస్థ ఒకసారి చెప్పుతుంది. సరే, మరల ప్రయత్నింతమని డేటాబేసు రెండవసారి అడిగితే అన్నీ క్షేమమని జవాబు వస్తుంది! మొదటిసారి విఫలమైన పుటలను ఆ వ్యవస్థ వ్రాసిన పుటల క్రింద జమకట్టి మరచిపోవడమే కారణం. ఇరువది సంవత్సరాలకు పైగా ఎందరో నిపుణులు చదివిన ఆ భాగంలో ఈ లోపం ఎవరి కంటను పడలేదు. 2019 ఆరంభంలో దానికి చేసిన చికిత్స మొరటుగా ఉన్నా సరియైనది. మొదటి తప్పు వినగానే డేటాబేసు తనంతట తాను కూలిపోతుంది. కూలి, లేచి, లాగ్ తెరచి, మొదటినుండి సరిచూచుకొంటుంది. జవాబును నమ్మడం మాని చిట్టాను నమ్మడం అన్నమాట.

యంత్రాల సంగతి ఇట్లుండగా మనుషుల సంగతి వేరు. గ్రే 1980లో ఐ.బి.ఎం. విడిచి, ఎన్నడును ఆగని కంప్యూటర్లను నిర్మిస్తామని ప్రతిజ్ఞ పట్టిన టాండెం సంస్థలో చేరినాడు. అక్కడ 1985లో, కంప్యూటర్లు అసలు ఎందుకు ఆగుతున్నవని లెక్కలు తీసినాడు. యంత్రభాగాలు చెడి ఆగినవి నూటికి 18 మాత్రమే. నడిపేవారి చేతిలోను, ఏర్పాటులోను, మరమ్మతులోను జరిగిన పొరపాట్లవలన ఆగినవి నూటికి 42. లాగ్ ఎంత చక్కగా వ్రాసినా, దానిని పట్టికలతో సహా చెరిపివేయుమని అధికారమున్న మనిషి ఆజ్ఞ ఇస్తే యంత్రం అడ్డుచెప్పదు. అప్పుడు దిక్కు వేరొకచోట దాచిన నకలు ఒక్కటే.

నకలు ఉన్నదనుకొనడం వేరు, ఉండడం వేరు. ప్రోగ్రాములు వ్రాసేవారి పనిని భద్రపరచే గిట్‌లాబ్ సంస్థలో 2017 జనవరి 31వ తేదీ రాత్రి ఒక ఇంజనీరు, రెండు డేటాబేసు యంత్రాలలో పనిచేయని దానిని ఖాళీచేస్తున్నానని భావించి, పనిచేస్తున్న దానిని చెరపనారంభించినాడు. ఒకటి రెండు క్షణాలలో గ్రహించి ఆపినాడు. అప్పటికే ఇంచుమించు 300 గిగాబైట్ల సమాచారం పోయినది. నకళ్ళకొరకు వెదకినారు. ప్రతిదినం నకలు తీయవలసిన ప్రోగ్రాము, డేటాబేసుకంటె పాత తరానిది కావడంచేత, ఎన్నాళ్ళనుండియో ఏమియు తీయకుండనే ముగించుకొంటున్నది. నకళ్ళు దాచే దూరపు గిడ్డంగి ఖాళీగా ఉన్నది. తప్పు జరిగినదని తెలుపవలసిన ఉత్తరాలను ఆ ప్రోగ్రాము పంపుతూనే ఉన్నది. వాటిపై తగిన సంతకం లేదని తపాలా వ్యవస్థ త్రిప్పివేస్తున్నది. ఎవరికిని అందలేదు.

ఆ సంస్థవారు ఈ వృత్తాంతమంతటినీ దాచక తామే ప్రకటించినారు గనుకనే నేను చెప్పగలుగుతున్నాను. వారిని చివరకు ఆదుకొన్నది, ఆ చెరిపిన ఇంజనీరే ఆరు గంటలకు ముందు వేరొక పరీక్షకొరకు, ఎవరును ఆజ్ఞాపించకుండ, తన చేతితో తీసి ఉంచిన ఒక ప్రతి. దానిని నెమ్మదియైన డిస్కులమీదనుండి తిరిగి ఎక్కించుకొనేసరికి మరునాడు వచ్చినది. నడిమి ఆరు గంటలలో చేరిన ఇంచుమించు 700 క్రొత్త ఖాతాలు మాత్రం తిరిగి రాలేదు.